‘చిత్తూరు మామిడి తాండ్ర’ బోర్డుకు బాలూ తమ్ముడు అక్షరాలు నప్పుతాయా?

తాండ్రపొర (చిత్తూరు)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో మూడు తరాలుగా వేసవి వస్తే తోతాపురి పళ్ల గుజ్జును చాపల మీద పొరలు పొరలుగా పోసి, ఎండబెట్టి, తాండ్ర చేస్తున్నాం. ఇంతకాలం తెలిసినవారికీ చుట్టుపక్కల కొట్లకూ ఇస్తూ వచ్చాం. ఇప్పుడు తిరుపతిలో లీలామహల్ కూడలికి దగ్గరలో ఒక చిన్న అంగడి తెరుస్తున్నాం. బోర్డు 12 అడుగుల పొడవు, 3 అడుగుల ఎత్తు. తాండ్ర అనగానే అందరికీ ఆత్రేయపురమే గుర్తుకు వస్తుంది కనుక, ‘చిత్తూరు’ అన్న మాట దూరం నుంచే కనబడాలన్నది నాన్నగారి పట్టుదల. కొండకు వచ్చే యాత్రికులలో తమిళులు, కన్నడిగులు చాలామంది ఉంటారు కాబట్టి తెలుగుతో పాటు తమిళం, కన్నడం, ఇంగ్లీషులలో కూడా పేరు ఉండాలి.

మా మేనల్లుడు ‘బాలూ తమ్ముడు’ అనే లావుపాటి గుండ్రని అక్షరాలతో నమూనా చేసి తెచ్చాడు. నాకు చూడగానే నచ్చింది. నాన్నగారు మాత్రం “ఇవి అక్షరాలా, మైసూరు బోండాలా?” అని నవ్వి, పిల్లల బొమ్మల కొట్టు అనుకుంటారేమోనని సందేహం వెలిబుచ్చారు. ఈ అక్షరాల స్వభావం ఏమిటో, బోర్డుకూ పొట్లం మీది చీటీకీ ఒకే ఫాంటు వాడవచ్చునో లేదో అనుభవం ఉన్నవారు చెప్పగలరని అడుగుతున్నాను.

కుప్పం కోడర్

మీ మేనల్లుడి ఎంపికకు బలమైన కారణమే ఉంది. బాలూ ఒక్క ఫాంటు కాదు, ఒక కుటుంబం. ముంబయికి చెందిన ఏక్ టైప్ సంస్థ దీన్ని రూపొందించగా, 2016లో గూగుల్ ఫాంట్స్‌లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. దేవనాగరికి వట్టి బాలూ అనే పేరు ఉంచి, మిగతా లిపులకు ఆ భాషలో సోదరుణ్ణి పిలిచే మాటను చేర్చారు. తెలుగుకు తమ్ముడు, తమిళానికి తంబి, కన్నడానికి తమ్మ, గుజరాతీకి భాయ్, గురుముఖికి పాజీ, బెంగాలీకి దా, ఒడియాకు భైనా. దక్షిణాదిలో మలయాళానికి మాత్రమే చేట్టన్ అని అన్న హోదా దక్కింది. మన మూడు భాషలూ తమ్ముళ్లుగానే మిగిలాయి.

మీ బోర్డు మీద నాలుగు లిపులు పక్కపక్కన నిలవాలి. మామూలుగా ఇలాంటి బోర్డుల మీద తెలుగు ఒక చోటు నుంచి, తమిళం మరో చోటు నుంచి తెచ్చి అతికిస్తారు కాబట్టి ఒకటి సన్నగా, ఒకటి మొద్దుగా కనబడుతుంది. తమ్ముడు, తంబి, తమ్మలలో గీత లావు, కొసల గుండ్రదనం ఒకే ఒద్దికలో ఉండడంతో పాటు, ఇంగ్లీషు అక్షరాలు మూడింటిలోనూ ఒక్కటే. మూడు రాష్ట్రాలు కలిసే మూలలో ఉండే మాబోటి వాళ్లకు దీని విలువ బాగా తెలుసు.

మొదట వచ్చిన బాలూలో ఒకే ఒక్క లావు ఉండేది. తరువాత వచ్చిన ‘బాలూ తమ్ముడు 2’లో రెగ్యులర్, మీడియం, సెమీబోల్డ్, బోల్డ్, ఎక్స్‌ట్రాబోల్డ్ అని అయిదు ఉన్నాయి. లైసెన్సు స్వేచ్ఛా లైసెన్సే. వ్యాపారానికి వాడుకున్నా రుసుము లేదు, ఫాంటును మాత్రమే విడిగా అమ్ముకోకూడదు.

రాతిగోడ (తిరుపతి)

ఉచితంగా దొరుకుతుందనే కదా ఊరంతా అదే కనబడుతోంది. మా వీధిలో ట్యూషన్ సెంటరుకు అదే, పక్కనే పిజ్జా అంగడికి అదే, ఎదురుగా దంతవైద్యశాలకు కూడా అదే. నవ్వుతూ పలకరించే అక్షరం అందరి గుమ్మం ముందూ నిలబడి నవ్వుతుంటే ఆ నవ్వుకు విలువ ఏముంటుంది? పైగా ‘గుండ్రని తెలుగు ఫాంటు’ అనడమే నాకు వింతగా ఉంది. తెలుగు ఎప్పుడు గుండ్రంగా లేదు కనుక?

కుంచె పట్టినవాడు (చంద్రగిరి)

రాతిగోడ గారు వెటకారంగా అన్నా, అడగవలసిన ప్రశ్నే అడిగారు. నేను 30 ఏళ్లు ఎనామిల్ రంగులతో బోర్డులు రాశాను. ఫ్లెక్సులు వచ్చిన తరువాత కుంచె పక్కన పెట్టి, ఇప్పుడు అక్రిలిక్ అక్షరాలు కోయించి బిగిస్తున్నాను. నాకు తెలిసినంతలో చెబుతాను.

ఇంగ్లీషు అక్షరాలకు నిటారు గీతలు ఉంటాయి, మూలలు ఉంటాయి. ఆ మూలలనూ కొసలనూ నున్నగా అరగదీస్తే దాన్ని వారు రౌండెడ్ అంటారు. అంటే వారి దగ్గర గుండ్రదనం పైనుంచి వేసుకున్న చొక్కా వంటిది. మన అక్షరానికి ఒళ్లే గుండ్రన. కాబట్టి తెలుగులో ఈ శైలి ప్రత్యేకంగా కనబడేది గీత మొదలయ్యే చోటా ముగిసే చోటా మాత్రమే. తలకట్టు కొస, కొమ్ము చివర, దీర్ఘం తోక, ఇవి కత్తితో కోసినట్టు ఉండక, నిండుగా తడిసిన కుంచెను ఆనించి ఎత్తినట్టు ఉంటాయి. మా గురువుగారి తరంలో సోడా బండ్ల మీద, మిఠాయి అంగళ్ల మీద రాసినవి అలాంటి అక్షరాలే.

అసలు చిక్కు లావుతో వస్తుంది. అక్షరం లావెక్కితే ఆ లావు ఎటు పోవాలి? బయటికి పెరిగితే పక్క అక్షరానికి తగులుతుంది, లోపలికి పెరిగితే పొట్ట, అంటే అక్షరం లోపలి ఖాళీ, పూడుకుపోతుంది. మనకు అక్షరాన్ని చెప్పేది చాలాచోట్ల ఆ పొట్టలో ఉన్న గుర్తే. ‘ఠ’లో చుక్క పోతే ‘ర’లా కనబడుతుంది, ‘థ’లో చుక్క పోతే ‘ధ’ అవుతుంది, ‘ష’లో లోపలి గీత అతుక్కుపోతే ‘ప’తో గందరగోళం వస్తుంది. అందుకే నేను ఏ లావు అక్షరాన్నయినా గీత మందంతో కొలవను. ఆ మాటలో అన్నిటికన్నా ఇరుకైన పొట్ట ఏదో వెదికి, అది గీత మందంలో కనీసం సగమైనా ఉందా లేదా అని చూస్తాను. అది నా సొంత లెక్క, పుస్తకంలోది కాదు.

తలకట్టు సంగతి కూడా చూసుకోవాలి. కన్నడంలో అది అడ్డగీతలా పరుచుకుంటుంది కాబట్టి లావు చేసినా ఇబ్బంది పడదు. మన తలకట్టు టిక్కు పెట్టినట్టు ఉంటుంది. దాన్ని లావు చేస్తే రెండు చేతులూ కలిసిపోయి ముద్ద అవుతుంది. మంచి ఫాంటు గీసినవాడు అక్కడ గీతను తెలివిగా కొంచెం సన్నం చేస్తాడు, చూసేవాడికి తెలియనివ్వడు.

తాండ్రపొర (చిత్తూరు)

కుంచె పట్టినవారికి ధన్యవాదాలు. మీరు చెప్పిన తరువాత మా బోర్డు మాటలను ఎక్స్‌ట్రాబోల్డ్‌లో అచ్చు తీసి, గోడకు అతికించి, వీధి అవతలి నుంచి చూశాను. ‘మామిడి’ చక్కగా ఉంది. ‘చిత్తూరు’లో త-వత్తు కిందికి దిగి, కింది వరుసలోని ‘మి’ గుడి మీద ఎక్కి కూర్చుంది. ‘తాండ్ర’లో డ కింద క్రావడి దూరానికి మరకలా కనబడింది. పైగా మేనల్లుడు వరుసల మధ్య ఖాళీ తగ్గించి, అక్షరాలు పెద్దవి చేయడానికి ప్రయత్నించాడు. అక్కడే తప్పు జరిగిందా?

డీటీపీ పనివాడు (తిరుపతి)

తప్పు మీ మేనల్లుడిది కాదు, మీ మాటలది! చిత్తూరు, తాండ్ర అని రెండు వత్తుల మాటలను ఒకదాని కింద ఒకటి పెట్టుకుని, వరుసలు దగ్గరగా రావాలంటే ఎలా వస్తాయండీ?

బాలూ ఫాంట్లను వాడేటప్పుడు ఒక సంగతి గమనించాలి. ఈ కుటుంబంలో వరుసకూ వరుసకూ మధ్య తనంతట తాను వచ్చే ఖాళీ ఎక్కువగా ఉంటుంది. పైన గుడులకూ కింద వత్తులకూ చోటు ఉంచవలసిందే కదా. ఇంగ్లీషులో మాత్రమే పనిచేసేవారికి అది అనవసరపు ఖాళీలా కనబడి, వెంటనే తగ్గించేస్తారు. మీరు అంకెను చూసి తగ్గించవద్దు. మీ మాటల్లో పై వరుసలో వత్తు ఎక్కడ పడింది, దాని కింద గుడి ఉందా లేదా అన్నది కంటితో చూసి తగ్గించండి. లేదంటే మూడు మాటలనూ ఒకే వరుసలో పెట్టేయండి. 12 అడుగుల పొడవు ఉంది కదా, చోటుకు కొరత లేదు.

ఇంకో పొరపాటు మా దగ్గరకు రోజూ వస్తుంది. ఫాంటు ఇప్పటికే లావుగా ఉన్నా, మనవాళ్లు ఇంకా లావు కావాలని పైన ఉన్న ‘బి’ గుర్తును నొక్కుతారు. ఒకే లావు ఉన్న ఫాంటుకు అలా నొక్కితే సాఫ్ట్‌వేరు అక్షరం అంచు చుట్టూ తానే మందం పూస్తుంది. ఆ మందం పొట్టలోకి కూడా పోతుంది. అక్షరం గీసినవాడు ఎంతో జాగ్రత్తగా వదిలిన ఖాళీ ఒక్క నొక్కుతో మాయమవుతుంది. పాత బాలూ తమ్ముడుకూ, ఒకే లావులో వచ్చిన రామభద్ర అనే తెలుగు ఫాంటుకూ ఇది వర్తిస్తుంది. తమ్ముడు 2లో బోల్డ్, ఎక్స్‌ట్రాబోల్డ్ విడిగా ఉన్నాయి కాబట్టి జాబితాలోంచి వాటినే ఎంచుకోవాలి.

ఫ్లెక్స్ అంగడికి ఫైలు పంపే ముందు అక్షరాలను కర్వ్స్ చేసి, అంటే ఫాంటుతో పని లేని గీతల బొమ్మలుగా మార్చి పంపండి. మా బంధువుల పెళ్లి ఫ్లెక్సు ఒకటి కర్వ్స్ చేయకుండా వేరే ఊరికి పంపితే, అక్కడి పాత సాఫ్ట్‌వేరులో వత్తులన్నీ విడిపోయి, పెళ్లికూతురి పేరు పొల్లులతో నిండిపోయింది. ఫ్లెక్సు కట్టిన తరువాత గానీ ఎవరూ చూడలేదు. యూనికోడ్ కాని పాత ‘అను’ ఫాంట్లకు అలవాటు పడిన అంగళ్లలో యూనికోడ్ తెలుగు ఇప్పటికీ ఇలాగే ఏడిపిస్తుంది. ఫోటోషాప్ పాత వెర్షన్లలో కూడా అక్షరాల అమరికలో దక్షిణాసియా భాషలకు ఉన్న ఎంపికను పెట్టుకోకపోతే ఇదే గతి.

కుప్పం కోడర్

వెబ్‌సైటు పెడితే అక్కడ కూడా ఈ ‘బి’ సమస్యే దొంగదారిన వస్తుంది. శీర్షిక ట్యాగులు వాటంతట అవే బోల్డ్ అడుగుతాయి కాబట్టి, ఒకే లావు ఉన్న ఫాంటును అక్కడ పెడితే బ్రౌజరు దొంగ లావు పూసేస్తుంది. శీర్షికకు లావు విలువ 400 అని స్పష్టంగా రాసుకోవాలి. తమ్ముడు 2 వేరియబుల్ రూపంలో కూడా దొరుకుతుంది; అందులో 400 నుంచి 800 వరకు ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకోవచ్చు.

నగరి వాసి

తమిళం గురించి రెండు మాటలు. తమిళంలో వత్తులు ఉండవు. మనం కిందికి దించేదాన్ని వారు పక్కన రాసి, పైన పుళ్ళి అనే చుక్క పెడతారు. అందువల్ల అదే పేరు తమిళంలో పొడుగ్గా సాగుతుంది, కానీ కిందికి దిగదు. తెలుగుకూ తమిళానికీ ఒకే సైజు అంకె ఇచ్చి వదిలేస్తే తమిళం వరుస పొడవుతో తెలుగును మింగేసినట్టు కనబడుతుంది. మా ఊళ్లో రెండు భాషల బోర్డులు చూసీ చూసీ నాకు అర్థమైంది ఏమంటే, అంకెను పక్కన పెట్టి, తెలుగు ‘మ’ ఒళ్లు ఎంత ఎత్తు ఉందో తమిళ ‘మ’ అంత ఎత్తు ఉండేలా కంటితో సరిపెట్టాలి. బాలూలో లిపులు ముందే సరిపెట్టి ఉన్నాయి కాబట్టి ఈ శ్రమ తగ్గుతుంది. అయినా పుళ్ళి చుక్క పూడిపోకుండా ఉందో లేదో మాత్రం చూసుకోండి. ఒక్క చుక్క పోతే తమిళంలో మాట పలుకుబడే మారిపోతుంది.

పలక బలపం (శ్రీకాళహస్తి)

నేను బడిలో పంతులమ్మను. మీ నాన్నగారి సందేహం గురించి చెప్పాలనిపించింది. మా ఒకటో తరగతి గోడల మీద ఈ అక్షరాలనే అచ్చు తీసి అతికించాం. కొసలు మొనదేలి ఉండవు కాబట్టి అవి పిల్లలకు స్నేహంగా అనిపిస్తాయి, నిజమే. అయితే పలక మీద దిద్దడానికి మాత్రం ఇవ్వలేదు. బలపం ఎక్కడ మొదలుపెట్టి ఎటు తిప్పాలో సన్నని గీత చూపినట్టు లావు గీత చూపదు.

అక్షరానికి గొంతు ఉంటుంది. ఇది భోజనానికి పిలిచే మేనత్త గొంతు. తాండ్రకు, పళ్లరసానికి, ఐస్‌క్రీముకు, బడి వార్షికోత్సవానికి, గంగమ్మ జాతరకు స్వాగతం పలికే తోరణానికి సరిపోతుంది. అదే గొంతుతో ‘విద్యుత్ ప్రమాదం’ అని రాస్తే ఎవరూ భయపడరు. మా వీధిలో ఒకసారి సంతాప ఫ్లెక్సు మీద ఇవే అక్షరాలు చూసి మనసుకు ఏదోలా అయింది. పోయిన మనిషి పేరు బెలూను మీద రాసినట్టు ఉంది. కాబట్టి నాన్నగారు పిల్లల కొట్టు అనుకుంటారని భయపడనవసరం లేదు. తీపి పదార్థం కదా, ఆ గొంతు తప్పు కాదు. రంగులు మాత్రం ఏడెనిమిది వాడకుండా ఒకటి రెండింటితో ఆపితే పెద్దరికం వస్తుంది.

పొట్లం మీద పేరుకు ఇదే వాడండి. పదార్థాల జాబితాకు, తయారీ తేదీకి వాడవద్దు. ఇవి పెద్ద సైజుకు గీసిన అక్షరాలు. ఆ చిన్న రాతకు మండలి గానీ నోటో సాన్స్ తెలుగు గానీ, ఈ రెండు ఫాంట్లూ హాయిగా చదివిస్తాయి. రామభద్ర పేరు వచ్చింది కనుక చెబుతున్నాను, సిలికానాంధ్ర అనే సంస్థ విడుదల చేసిన ఫాంట్లలో అష్టదిగ్గజాల పేర్లు చాలా ఉన్నాయి. మా కాళహస్తి ధూర్జటి పేరిట కూడా ఒకటి ఉందని పిల్లలకు చెబితే, ఆయన చేతిరాత అదేనా అని అడిగారు!

రాతిగోడ (తిరుపతి)

మేనత్త గొంతు అన్న మాట దగ్గర నేను తగ్గాను. అయినా ఊరంతా ఒకటే అక్షరం అన్న నా ఫిర్యాదు అలాగే ఉంది. రామభద్ర కూడా లావుగా నిండుగా ఉంటుంది కదా, దాన్ని ఎందుకు చూడలేదు?

కుప్పం కోడర్

రామభద్ర తెలుగు శీర్షికలకు దిట్టమైనది, ఒప్పుకుంటాను. బోర్డు తెలుగు, ఇంగ్లీషులలోనే ఉంటే నేను కూడా దాన్నే చెప్పేవాడిని. అందులో తమిళం, కన్నడం లేవు. వీరికి నాలుగు లిపులు కావాలి.

కుంచె పట్టినవాడు (చంద్రగిరి)

బోర్డు దేనితో చేయిస్తారో తాండ్రపొర గారు ఇంకా చెప్పలేదు. దాన్ని బట్టి లావు మారుతుంది.

అక్రిలిక్ అయితే గుండ్రని కొసల అక్షరం మా మిషనుకు చాలా అనుకూలం. అక్రిలిక్‌ను కోసే రౌటరు బిట్టు గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి లోపలి మూలను అది ఎప్పటికీ సూదిగా కోయలేదు. బిట్టు వ్యాసంలో సగమంత గుండ్రదనం అక్కడ మిగిలిపోతుంది. మొనదేలిన అక్షరాలకు అది లోపంగా కనబడుతుంది, వీటికి స్వభావంలోనే కలిసిపోతుంది. వినైల్ స్టిక్కరు అతికించినా అంతే. సూది మూలలు ఎండకు ముందుగా లేచిపోతాయి, గుండ్రని అంచు ఎక్కువ కాలం పట్టుకుంటుంది. తిరుపతి ఎండ సంగతి మీకు చెప్పనక్కరలేదు.

లోపల ఎల్ఈడీ పెట్టి వెలిగిస్తే మాత్రం ఎక్స్‌ట్రాబోల్డ్ వద్దు. చీకట్లో వెలిగే అక్షరం కంటికి ఉన్నదానికంటే లావుగా కనబడుతుంది, వెలుతురు పొట్టలోకి చిమ్ముతుంది. పగలు ‘ణ’గా ఉన్నది రాత్రికి దీపపు ముద్ద అవుతుంది. సెమీబోల్డ్ తీసుకుంటే రాత్రి అదే బోల్డ్‌లా కనబడుతుంది. గుడ్డ సంచుల మీద స్క్రీన్ ప్రింటింగ్ చేయిస్తే కూడా ఒక మెట్టు తగ్గించండి, నేతలో రంగు పాకి పొట్టను ఇరుకు చేస్తుంది.

ఎత్తు గురించి కూడా ఒక మాట. అంగుళం ఎత్తుకు 10 అడుగుల దూరం అని బోర్డు పనిలో ఒక లెక్క ఉంది. అది ఇంగ్లీషు పెద్ద అక్షరాలకు పుట్టిన లెక్క. మన వత్తు అక్షరంలో సగం కూడా ఉండదు కాబట్టి, నేను వత్తు దూరానికి కనబడాలంటే ఎంత ఉండాలో ముందు చూసుకుని, అక్కడి నుంచి పై అక్షరం ఎత్తు కడతాను.

తాండ్రపొర (చిత్తూరు)

అందరి మాటలూ నాన్నగారికి చదివి వినిపించాను. మేనత్త గొంతు దగ్గర ఆయన కూడా నవ్వి ఊరుకున్నారు. బోర్డు అక్రిలిక్‌తోనే, లోపల దీపాలతో చేయిస్తున్నాం.

తెలుగు మూడు మాటలనూ ఒకే వరుసలోకి తెచ్చాం. ‘చిత్తూరు’ సెమీబోల్డ్‌లో కొంచెం పెద్దగా, ‘మామిడి తాండ్ర’ అదే లావులో కొంచెం చిన్నగా పెట్టాం. దాని కింద త-వత్తుకూ క్రావడికీ ఖాళీ వదిలి, తమిళం, కన్నడం, ఇంగ్లీషు మూడూ ఒక వరుసలో వచ్చాయి. నగరి వాసి గారు చెప్పినట్టు తమిళం సైజు అంకెలో తగ్గించితే గానీ కంటికి సమానంగా రాలేదు. మళ్లీ అచ్చు తీసి, రాత్రి గదిలో దీపం వెనుక పెట్టి చూశాం. క్రావడి ఈసారి క్రావడిలాగే ఉంది. పొట్లం మీద పేరుకు బోల్డ్, చిన్న రాతకు మండలి పెట్టాం. సంచులకు మీడియం.

ఒక్కటే మిగిలింది. రాతిగోడ గారి మాట గుర్తుండిపోయి, ఊరిలో ఎవరికీ లేని చిన్న గుర్తు ఏదైనా ఉండాలని ‘తాండ్ర’లోని సున్న పొట్టలో మామిడి టెంక బొమ్మ పెట్టాలని మేనల్లుడు పట్టుబడుతున్నాడు.

కుంచె పట్టినవాడు (చంద్రగిరి)

టెంక వద్దు నాయనా. సున్నలో ఏది పెట్టినా దూరానికి అది ‘ఠ’ అయి కూర్చుంటుంది. ఆకు కావాలంటే ‘మా’ దీర్ఘం కొసకు తగిలించమను, అక్కడ పూడిపోవడానికి పొట్ట లేదు. కోయించే ముందు ఫైలు ఒకసారి నాకు చూపించండి.

రాతిగోడ (తిరుపతి)

అంగడి తెరిచిన రోజు నేను వీధి అవతలి నుంచి చదివి చూస్తాను. చదవగలిగితే పావు కిలో కొంటాను.